పదో తరగతి పిల్లలకి సర్టిఫికెట్ ఇప్పించాం సరే, దాన్ని అడిగేవాళ్ళెవరు?

చాక్‌పీసు_సార్:

అందరికీ నమస్కారం. కర్నూలు వైపు ఒక జెడ్పీ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా బళ్ళో తొమ్మిది, పది తరగతులకి ఒకేషనల్ నడుస్తోంది, ఎలక్ట్రానిక్స్ ట్రేడు. ట్రైనర్ బీటెక్ చదివిన కుర్రాడు, ఓపికున్నవాడు, కానీ అతని జీతం ఏజెన్సీ ద్వారా రావాలి కాబట్టి ఎప్పుడొస్తుందో అతనికే తెలియదు. హెడ్మాష్టారు "మీరు కాస్త చూసుకోండి సార్" అంటూ ఇన్‌చార్జి పని నాకు తగిలించారు. డయోడ్‌కీ నాకూ ఇంటర్ తర్వాత మాటల్లేవు.

కిందటేడు పదో తరగతిలో 31 మంది అసెస్‌మెంట్‌కి కూర్చున్నారు. బయటి నుంచి అసెసర్ వచ్చాడు, థియరీ పెట్టాడు, ప్రాక్టికల్ చూశాడు, వైవా అడిగాడు, అన్నీ ఒక్క రోజులోనే. ఆనక సర్టిఫికెట్లు వచ్చాయి. పిల్లలు మురిసిపోయారు, నేనూ మురిసిపోయాను.

జూన్‌లో జరిగింది చెప్తాను. మా పిల్లాడొకడు ఆ సర్టిఫికెట్‌ని లామినేషన్ చేయించుకుని టౌన్లో టీవీలు, ఇన్వర్టర్లు బాగుచేసే కొట్టుకు వెళ్ళాడు, తోడుగా నేనూ వెళ్ళాను. కొట్టాయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టాడు. పాత బోర్డు ఒకటి ముందుకు తోసి "ఆ కెపాసిటర్ ఊడదియ్యి నాయనా" అన్నాడు. వీడు సోల్డరింగ్ ఐరన్ అందుకున్నాడు గానీ మొనని కెపాసిటర్ తీగ కాలుకి ఆనించకుండా గాల్లో ఊపుతూ కూర్చున్నాడు, చివరికి గట్టిగా లాగితే బోర్డు మీది రాగి గీత కూడా లేచొచ్చింది. తప్పు వాడిది కాదు. రెండేళ్ళలో వాడు ఐరన్ పట్టుకున్నది మహా అయితే నాలుగుసార్లు, 31 మందికి మా దగ్గరున్నవి రెండు, అందులో ఒకటి వేడెక్కదు. కొట్టాయన మంచిగానే "కాగితం ఇంట్లో దాచుకో, రేపట్నుంచి సాయంత్రాలు రా, పని నేర్పిస్తా" అన్నాడు. వెనక్కి వచ్చేటప్పుడు బస్సులో వాడు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు, నేనూ ఏం మాట్లాడలేదు.

ఇప్పుడు అడిగేది ఏంటంటే, హైస్కూలు పిల్లలకి నిజంగా నలుగురూ విలువిచ్చే సర్టిఫికెట్ ఏదైనా ఉందా? ఉంటే బడి నుంచి మేం ఏం చెయ్యాలి? ఫీజులు కట్టుకునే ఇళ్ళు కావు ఇవి, సగం మంది పత్తి సీజన్లో బడి మానేస్తారు. ఈ రంగంలో ఉన్నవాళ్ళు మొహమాటం లేకుండా చెప్పండి.

కటింగ్‌ప్లేయర్:

సార్ నమస్తే. నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చెప్పబట్టి 19 ఏళ్ళు. మీ పిల్లాడి కథ మా దగ్గర ప్రతి ఆగస్టులో జరుగుతుంది, కాకపోతే కెపాసిటర్ బదులు స్టెయిర్‌కేస్ వైరింగ్, అంటే ఒకే బల్బుకి రెండు చోట్ల స్విచ్చులు.

ముందు ఆ కాగితం సంగతి. మీ పిల్లలకి వచ్చింది ఎన్ఎస్‌క్యూఎఫ్ సర్టిఫికెట్. 2013 డిసెంబరులో కేంద్రం నోటిఫై చేసిన చట్రం అది, ఏ కోర్సు ఏ మెట్టు మీద ఉందో చెప్పడానికి. బళ్ళల్లో మొదట అనుకున్న లెక్క ప్రకారం తొమ్మిదికి లెవెల్ 1, పదికి లెవెల్ 2, ఇంటర్ రెండేళ్ళకి 3, 4. లెవెల్ 2 అంటే పక్కన ఒకరు నిలబడి చెబితే చేసే స్థాయి, మన భాషలో హెల్పర్. కొట్టాయనా అదే అన్నాడు కదా, రా నేర్పిస్తా అని. అంటే ఆ సర్టిఫికెట్‌లో అబద్ధమేం లేదు, దాన్ని "ఉద్యోగం వస్తుంది" అని ఊళ్ళో చెప్పినవాళ్ళ దగ్గరే వచ్చింది తంటా. ఇంకోటి, పదో తరగతి పిల్లాడికి 15, 16 ఏళ్ళు. 14 దాటినా 18 నిండేదాకా ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోకూడదని చట్టం. అప్రెంటిస్‌గా 14కే చేర్చుకోవచ్చు, అలాంటి పనుల్లో అయితే దానికీ 18 ఉండాలి. కాబట్టి ఫ్యాక్టరీ వాడు మీ పిల్లాణ్ణి వద్దన్నాడంటే వాడికి పని రాదనే అనుకోనక్కర్లేదు, వయసు చాలకపోయి ఉండొచ్చు.

నేను మా పిల్లలకి చెప్పే పరీక్ష ఒకటుంది. ఏ సర్టిఫికెట్ గురించి ఎవరు ఊదరగొట్టినా, దాని పేరు ఏదైనా ఉద్యోగ నోటిఫికేషన్‌లో అర్హతల దగ్గర అచ్చయిందా చూడమంటాను. ఐటీఐ పాసైతే ఇచ్చే ఎన్‌టీసీ (నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్) అచ్చవుతుంది. రైల్వే అసిస్టెంట్ లోకోపైలట్ నోటిఫికేషన్ తియ్యండి, పది ప్లస్ ఐటీఐ అని ఉంటుంది. మూడు రోజుల వర్క్‌షాప్ కాగితం ఎక్కడా కనబడదు. ఆన్‌లైన్లో వీడియోలు చూస్తే వచ్చే "కంప్లీషన్ సర్టిఫికెట్" కూడా అంతే, నేర్చుకోవడానికి మంచిదే, కానీ పరీక్ష పెట్టి ఇచ్చేదానికీ దానికీ తేడా పిల్లలకి చెప్పాలి. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో పాఠాలు చాలావరకు ఉచితం, అదే కంపెనీ సర్టిఫికేషన్ పరీక్షకి విడిగా ఫీజు. ఈ రెండూ ఒకటే అనుకుని తండ్రుల చేత డబ్బు కట్టించిన ఇన్‌స్టిట్యూట్లు నాకు తెలుసు.

ఇక మీ బడి విషయం. ఐరన్లు కొనండి సార్, 25 వాట్లది రెండు మూడొందల్లో వస్తుంది, అరడజను చాలు. బోర్డులకి డబ్బు పెట్టొద్దు, పాడైన సీఎఫ్ఎల్ బల్బులు, పాత సెట్‌టాప్ బాక్సులు రిపేరు కొట్ల వెనక గోనెల్లో పడుంటాయి, అడిగితే ఇస్తారు. సీఎఫ్ఎల్ విప్పేటప్పుడు గాజు గొట్టం పగలనివ్వకండి, అందులో పాదరసం ఉంటుంది, గొట్టం ఊడదీసే పని పెద్దవాళ్ళే చేసి బోర్డు మాత్రం పిల్లలకివ్వండి. పిల్లాడు ఒక్కొక్కడు వంద కాళ్ళు ఊడదీసి వంద అతికించాలి. అతుకు మెరుస్తూ చిన్న గుట్టలా ఉందా, బూడిదరంగులో ముద్దలా ఉందా అని వాడే చెప్పగలగాలి. అప్పటికి అసెసర్ వచ్చినా, కొట్టాయన వచ్చినా ఒకటే.

వైవా సంగతి మర్చిపోయాను. మన పిల్లలకి తెలుగులో తెలుసు, ప్రశ్న ఇంగ్లిష్‌లోనో హిందీలోనో పడేసరికి నోరు కట్టేస్తుంది. నెల ముందు వేరే బడి ట్రైనర్‌ని పిలిచి ఒకసారి ఉత్తుత్తి అసెస్‌మెంట్ పెట్టించండి. తెలిసిన మాష్టారు అడిగితే భయం పోదు, కొత్త మొహం ఉండాలి. భోపాల్ పీఎస్ఎస్ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ ఒకేషనల్ పుస్తకాలు నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి, ప్రశ్నలు వాటిని దాటి పెద్దగా పోవు.

నిజం_చేదు:

మొహమాటం లేకుండా అన్నారు కాబట్టి అంటున్నా. కార్పొరేట్ బడిలో పిల్లాడు ఆరో తరగతి నుంచి ఐఐటీ ఫౌండేషన్ చదువుతాడు, మీ జెడ్పీ బడి పిల్లాడు సోల్డరింగ్ నేర్చుకుంటాడు. ఎవరు ఎక్కడ తేలతారో ఇప్పుడే తేల్చేస్తున్నారు కదా మీరంతా కలిసి. లెక్కల మాష్టారు లెక్కలు చెప్పాలి. ఆ పీరియడ్లు మ్యాథ్స్‌కి ఇవ్వండి, కనీసం పాలిటెక్నిక్ సీటైనా వస్తుంది.

చాక్‌పీసు_సార్:

కోపం అర్థమైంది అండీ, ఆ అనుమానం నాకూ ఉంది. కానీ మా ఊళ్ళో జరిగేది వేరే. పదో తరగతి తప్పినవాడు ఎలాగూ బెంగళూరుకి బేల్దారి పనికి పోతున్నాడు, పాసైనవాళ్ళలో కొందరూ పోతున్నారు. వారానికి నాలుగు పీరియడ్లు తీసేస్తే వాళ్ళు ఐఐటీకి పోరు. ఇంకో మాట, కిందటేడు సీరీస్, ప్యారలల్ రెసిస్టెన్స్ బోర్డు మీద కొలిచి చూసిన పిల్లలకి ఫిజిక్స్‌లో ఆ లెక్క మళ్ళీ చెప్పాల్సిన పని పడలేదు.

కటింగ్‌ప్లేయర్:

చేదు గారు చెప్పినదాంట్లో ఒక ముక్క మాత్రం నేను ఒప్పుకుంటా. సర్టిఫికెట్ వచ్చింది కదా అని పదో తరగతి మార్కులు గాలికొదిలేస్తే మునిగినట్టే. దక్షిణ మధ్య రైల్వే అప్రెంటిస్ ఎంపిక చూడండి, రాతపరీక్ష లేదు, పదో తరగతి శాతం, ఐటీఐ శాతం కలిపి సగటు తీసి మెరిట్ లిస్ట్ వేస్తారు. మా దగ్గర చెయ్యి అద్భుతంగా తిరిగిన కుర్రాడు, పదిలో అత్తెసరు మార్కులతో బయటపడ్డవాడు, ఆ లిస్ట్‌లో ఎక్కడో అడుగున ఉండిపోయాడు. వాడు ఇప్పుడు ఊళ్ళో మోటార్లు చుడుతున్నాడు, బాగానే సంపాదిస్తున్నాడు, అది వేరే సంగతి.

దారం_సూది:

మాష్టారూ, మీరంతా కొత్త కొత్త పేర్లు చెబుతున్నారు గానీ మన దగ్గర ఎప్పట్నుంచో ఉన్నవి మర్చిపోయారు. టీసీసీ, అంటే టెక్నికల్ సర్టిఫికెట్ కోర్సు, లోయర్, హయ్యర్. డ్రాయింగు, టైలరింగ్ అండ్ ఎంబ్రాయిడరీ, చేనేత, వీటికి ప్రభుత్వ పరీక్షల విభాగమే పరీక్ష పెడుతుంది. లోయర్‌కి ఏడో తరగతి పాసైతే చాలు, అంటే మీ తొమ్మిదో తరగతి పిల్ల ఇవాళే కట్టొచ్చు. హయ్యర్‌కి లోయరూ, పదీ రెండూ ఉండాలి. ఆ తర్వాత 18 నిండాక వేసవిలో 42 రోజుల టీటీసీ, అంటే టెక్నికల్ టీచర్ ట్రైనింగు ఉంటుంది, అది చేస్తే క్రాఫ్ట్ టీచరు, డ్రాయింగు టీచరు పోస్టులకి అప్లై చేసుకోవచ్చు. పోస్టులు ఎప్పుడు పడతాయన్నది దేవుడికెరుక, కానీ ఇందాక అన్న చెప్పినట్టు నోటిఫికేషన్‌లో పేరు అచ్చవుతుంది.

నేను లోయర్ రాసింది తొమ్మిదో తరగతిలో. కొలతలిచ్చి గుడ్డ కత్తిరించి కుట్టి చూపించమంటారు. పక్క టేబుల్ పిల్ల ఏడుస్తూ కూర్చుంది, ఎందుకంటే ఇంట్లో అమ్మ పాత జాకెట్టు పెట్టి దాని అచ్చు మీదే కత్తిరించడం అలవాటు, అంకెలు చూసి కాగితం మీద గీయడం ఎప్పుడూ చెయ్యలేదు. నాకూ చంక దగ్గర వంపు సరిగా రాలేదు, మార్కులు పోయాయి గానీ పాసయ్యాను. అందుకని చెప్తున్నా, పరీక్షలో ఏం చేయిస్తారో అచ్చం అదే ఇంట్లో చేయించండి, పని వచ్చినవాళ్ళు కూడా పరీక్ష పద్ధతి తెలియక పోతారు. ఇప్పుడు నాకు నాలుగు మిషన్లున్నాయి. బ్యాంకులో లోనుకి వెళ్ళినప్పుడు మేనేజరు గారు సర్టిఫికెట్ జిరాక్సు ఒకటి ఫైల్లో పెట్టమన్నారు, ఇన్నేళ్ళలో దాన్ని ఎవరైనా అడిగింది ఆ ఒక్కసారే, నిజం చెప్పాలి కదా.

ఇంకోటి టైపు. నవ్వకండి. ఎస్‌బీటీఈటీ (రాష్ట్ర సాంకేతిక విద్యా బోర్డు) వాళ్ళ టైపు ఇంగ్లిష్ లోయర్‌కి నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కి 45. జిల్లా కోర్టుల్లో కాపీయిస్టు పోస్టుకి ఇంటర్, దాంతోపాటు టైపు ఇంగ్లిష్ హయ్యర్ అడుగుతారు. మా ఆడపడుచు పదో తరగతి సెలవుల్లో మొదలుపెట్టింది, ఇంటర్ అయ్యేసరికి హయ్యర్ చేతిలో ఉంది. ఎండాకాలం రెండు నెలలు మిషను మీద టకటకలాడిస్తే అలవాటైపోతుంది, ఆ సెలవుల్లో పిల్లలు ఎలాగూ ఫోన్ పట్టుకునే కూర్చుంటారు.

డాలస్_బాబాయి:

ఆసక్తిగా చదువుతున్నా. మేం టెక్సస్‌లో ఉంటాం, ఇక్కడ హైస్కూల్లోనే ఇది పెద్ద వ్యవహారం. తొమ్మిదో తరగతిలో పిల్లలు ఒక దారి ఎంచుకుంటారు, హెల్త్, ఆటో, ఐటీ, వంట, ఏదో ఒకటి. బడికి వచ్చే రేటింగ్‌లో కూడా ఎంతమంది ఇండస్ట్రీ సర్టిఫికేషన్ తెచ్చుకున్నారన్నది ఒక లెక్క. ఫ్లోరిడాలో 2007లోనే దీనికి చట్టం చేశారు, పిల్లలు పాసైతే చెప్పిన టీచరుకి ఒక్కో పిల్లకి 25 నుంచి 100 డాలర్ల దాకా బోనస్.

అయితే ఇక్కడా మీ తలనొప్పే ఉంది. బడికి అంకె కావాలి కాబట్టి తేలిగ్గా వచ్చే సర్టిఫికెట్ల మీద పడతారు. పిల్ల చేతిలో కాగితం ఉంటుంది, ఉద్యోగం ఇచ్చేవాడు దాని పేరు కూడా విని ఉండడు. తర్వాత టెక్సస్ వాళ్ళే జాబితాలోంచి కొన్నిటిని తీసేస్తూ వచ్చారు. మావాళ్ళ సంగతి మరీ తమాషా, మన తెలుగు తల్లిదండ్రులకి ఈ దారంటేనే చిన్నచూపు, "అది చదువు రానివాళ్ళకి, నువ్వు ఏపీ క్లాసులు (బళ్ళోనే చదివే కాలేజీ స్థాయి పాఠాలు) తీసుకో" అంటారు. నేనూ అన్నాను.

మా అమ్మాయి మైక్రోసాఫ్ట్ ఆఫీస్ స్పెషలిస్ట్ ఎక్సెల్ రాసింది. 50 నిమిషాలు, ప్రశ్నలకి టిక్కులు పెట్టడం కాదు, నిజం షీట్ తెరిచి ఇచ్చి ఈ పట్టికకి చార్ట్ గియ్యి, ఈ వరసకి ఫార్ములా వెయ్యి అంటుంది. వాళ్ళ బడి పద్ధతి ఒకటి నాకు నచ్చింది. పరీక్ష ఫీజు బడే కడుతుంది గానీ ముందు ప్రాక్టీస్ టెస్టులో వాళ్ళు పెట్టిన గీత దాటితేనే. దాటని పిల్లని తిట్టరు, ఇంకో రెండు వారాలు ఆగమంటారు. మా అమ్మాయి మూడోసారికి దాటింది. మీ దగ్గర ఎవరైనా దాత ఫీజు కడతానంటే ఈ పద్ధతి పెట్టండి సార్, డబ్బు వృథా కాదు, పిల్ల కూడా ఫెయిలై చిన్నబుచ్చుకోదు. ఇక్కడి ఖరీదైన పరీక్షల జోలికి మాత్రం హైస్కూలు పిల్లలతో వెళ్ళకండి. కంప్యూటర్ రిపేరు, సపోర్టు పనికి కాంప్‌టియా ఏ ప్లస్ అని ఉంది, రెండు పరీక్షలు, పైగా పాసైన మూడేళ్ళకి గడువు అయిపోతుంది. పదో తరగతిలో రాస్తే డిగ్రీ మధ్యలోనే పాతబడుతుంది.

కంప్యూటర్ అంటే మీ దగ్గర నీలిట్ అనే కేంద్ర సంస్థ వాళ్ళ సీసీసీ, కంప్యూటర్ బేసిక్స్ కోర్సు, ఉంది కదా? చుట్టాలబ్బాయి రాశాడు.

కటింగ్‌ప్లేయర్:

ఉంది బాబాయ్. 80 గంటల కోర్సు, చదువు అర్హత ఏమీ అడగరు, పరీక్ష ఫీజు 500 రూపాయలు, పైన జీఎస్‌టీ. 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు, 50 శాతం వస్తే పాస్. ఉత్తరప్రదేశ్‌లో కొన్ని సర్కారు ఉద్యోగాలకి అది తప్పనిసరి, మన వైపు అంత గిరాకీ లేదు. అయినా కేంద్ర సంస్థ పరీక్ష కాబట్టి, ఆ డబ్బుకి చెడ్డది కాదు. ఐటీ ట్రేడు ఉన్న బడులు ఆలోచించొచ్చు, ఎలక్ట్రానిక్స్ పిల్లలకి ముందు ఐరనే.

రసీదు_తీసుకోండి:

నేను మీసేవ నడుపుతాను. మీరంతా చదువు గురించి మాట్లాడారు, నేను పేరు గురించి చెప్తా, ఎందుకంటే కాగితాలు ఆగిపోయేది అక్కడే.

మొన్నొక అమ్మాయి వచ్చింది. పదో తరగతి మెమోలో "బి. నాగలక్ష్మి". ఆధార్‌లో "బోయ నాగ లక్ష్మి", మధ్యలో ఖాళీ. స్కిల్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు చివరకి పోయి "నాగలక్ష్మి బి". లక్ష్మి చివర ఇంగ్లిష్‌లో ఒకచోట ఐ, ఒకచోట వై. పుట్టిన తేదీ ఆధార్‌లో జనవరి 1, ఎందుకంటే కార్డు తీసినప్పుడు తెలియదంటే వాళ్ళు అదే వేశారు. అప్లికేషన్‌లో ఏ పేరు పెట్టినా మిగతా రెండూ ఒప్పుకోవు. ఆ పిల్ల నా కొట్టు ముందు బెంచీ మీద మధ్యాహ్నం దాకా కూర్చుంది, నేను చేసేది ఏం లేదు, ఎవరి తప్పని చెప్పను.

మాష్టార్లు చెయ్యాల్సిన పని, తొమ్మిదో తరగతిలో చేరగానే ఆధార్, బడి అడ్మిషన్ రిజిస్టర్ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) పంపే ముందు దిద్దుకుంటే ఒక దరఖాస్తుతో పోతుంది, మెమో అచ్చయ్యాక దిద్దించాలంటే చెప్పులరుగుతాయి. అలాగే 15 ఏళ్ళు దాటిన పిల్లలు ఆధార్‌లో వేలిముద్రలు మళ్ళీ ఇవ్వాలి, చాలామంది ఇవ్వరు, తీరా పరీక్ష రోజు వేలిముద్ర పడదు. స్కిల్ పోర్టల్‌లో పేరు ఎక్కించేటప్పుడు ట్రైనర్ ఒక్కడికే వదిలెయ్యకండి, అతను రాత్రి పూట ఇంట్లో కూర్చుని 31 పేర్లు కొడుతుంటాడు పాపం. ఫోన్ నంబరు కూడా పిల్లల ఇంటిదే ఇవ్వండి, ట్రైనర్ నంబరు ఇస్తే అతను ఉద్యోగం మానేశాక ఓటీపీలన్నీ అతనికే పోతాయి.

చాక్‌పీసు_సార్:

మీ అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. పది రోజుల్లో ఏం చేశానో చెప్తా.

రసీదు గారి మాట విని రిజిస్టర్ తీశాను. ఈ ఏడు తొమ్మిదో తరగతిలో 34 మంది, ఆధార్‌తో అక్షరం పొల్లుపోకుండా కలిసింది 19 మందికి. ఇద్దరన్నదమ్ములకి ఇంటిపేరు వేర్వేరుగా ఉంది. జనవరి 1న పుట్టినవాళ్ళు ఆరుగురు. హెడ్మాష్టారికి చూపిస్తే చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత రేపే పేరెంట్స్‌ని పిలుద్దాం అన్నారు.

ఐరన్లు ఐదు వచ్చాయి, పాత విద్యార్థులు ముగ్గురు కలిసి కొన్నారు. ట్రైనర్ అబ్బాయి టిప్పులు శుభ్రం చెయ్యడానికి తడి స్పాంజి పెట్టించాడు, కిటికీలన్నీ తెరిపించాడు, పొగ పీల్చొద్దని. కొట్టాయనని గెస్ట్ లెక్చర్‌కి పిలిచాం, మొదట "నేను ఏడో తరగతి సార్, నేనేం లెక్చర్ ఇస్తా" అని సిగ్గుపడ్డాడు, వచ్చి గంటన్నర కదల్లేదు. జనవరిలో పక్క మండలం ట్రైనర్ వచ్చి ఉత్తుత్తి అసెస్‌మెంట్ చేస్తానన్నాడు, మేం వాళ్ళ పిల్లలకి చెయ్యాలట, సరే అన్నాం. టైలరింగ్ లోయర్‌కి నలుగురు ఆడపిల్లలు పేర్లిచ్చారు, ఒక మగపిల్లాడు కూడా ఇచ్చాడు, క్లాసంతా నవ్వితే వాళ్ళ నాన్న దర్జీ అని లేచి చెప్పాడు.

కిందటేటి మన లామినేషన్ పిల్లాడు ఐటీఐలో చేరాడు. శని, ఆదివారాలు అదే కొట్టుకు పోతున్నాడట.

ఇప్పుడు కావాల్సింది పాడైన బోర్డులు. మా మండలంలో కొట్లన్నీ ఊడ్చేశాం, ఇంకా చాలవు. కర్నూలు, నంద్యాల, గుంతకల్లు వైపు ఎవరి దగ్గరైనా పాత సెట్‌టాప్ బాక్సులు, స్టెబిలైజర్లు ఉంటే మెసేజ్ పెట్టండి. ఆర్టీసీ పార్శిల్‌లో వేస్తే చార్జీ నేనే కట్టి బస్టాండ్‌లో తీసుకుంటా.